ఓడ తలుపు

మొన్న సాయంత్రం గాలివానకి మా పడకగది తలుపు విసురుగా వచ్చి పడింది. చప్పుడు కాలేదు. గుమ్మం పొడవునా అంటించిన లారీ ట్యూబు ముక్కలు దాన్ని పట్టుకుని ఆపాయి. పొయ్యి మీద కూర మాడుతున్నా నేను కదలకుండా ఆ తలుపు వంకే చూస్తూ నిలబడ్డాను. ఆ ముక్కలు కోసి అంటించిన మనిషి పోయి నెల కావస్తోంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన గుర్తొచ్చినప్పుడల్లా నాకు ముందొచ్చేది కోపమే.

ఆయన మా ఇంటి ఓనరు. పటమటలో కింద వాటాలో ఆయనా, ఆయన భార్యా ఉండేవారు. పిల్లల్లేరు. పై వాటాలో మేము. మా ఆయనది వారానికోసారి ఇల్లు చేరే ఉద్యోగం కాబట్టి, మేము అంటే ముప్పాతిక వంతు నేనే. ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. ఆయనకి ఆటోనగర్‌లో పాత లారీలు కోసి తుక్కు చేసే యార్డు ఉండేది.

మేము దిగిన కొత్తలో, ఇంకా సామాను విప్పకముందే, ఇదే తలుపు ఇలాగే గాలికి పడింది. అప్పుడు ట్యూబు ముక్కల్లేవు. ఇల్లంతా అదిరేలా మోగింది. ఆ మోత అణగకముందే మెట్ల మీద అడుగులు వినిపించాయి. లుంగీ, బనీను, చేతిలో గునపం. పొట్టి మనిషి, మెడ ఉందా లేదా అన్నట్టు భుజాల మీదే కూర్చున్న తల. నన్ను పక్కకి నెట్టి, గునపం మొన కీలు కింద దూర్చి ఒక్క తన్ను తన్నాడు. మేకులు చెక్కతో సహా ఊడివచ్చాయి. రెండో కీలు, మూడో కీలు. తలుపుని భుజానికెత్తుకుని మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, ఇంకోసారి తలుపు మోగితే ఇల్లు ఖాళీ చెయ్యాలన్నాడు.

నేను ఊరుకునే రకం కాదు. వెనకాలే దిగి, ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడు తలుపులు లేవని ఎందుకు చెప్పలేదని వీధిలోవాళ్లకి కూడా వినపడేలా అడిగాను. ఆయన గునపాన్ని నా పక్కనుంచి ప్రహరీ గోడకి విసిరాడు. పెళ్ల ఊడి నా కాళ్ల మీద పడింది. అంత గొడవలోనూ వంటింట్లోంచి ఆయన భార్య తొంగిచూసి, కర్టెను గుడ్డ ఒకటి కుట్టించి పెట్టాను, ఇవ్వనామ్మా అని అడిగింది. ఆవిడకి ఇది మామూలేనని నాకు అప్పుడే అర్థమైంది.

వాళ్ల వాటాలో వీధి గుమ్మానికీ, స్నానాలగదికీ తప్ప ఎక్కడా తలుపుల్లేవు. అన్నిటికీ కర్టెన్లే. ఆ ఉన్న రెండు తలుపుల్ని కూడా ఆయన ఒక పద్ధతిలో వేసేవాడు. ముందు ఎడమ అరచెయ్యి గుమ్మానికి ఆనించి పైనుంచి కింద దాకా నెమ్మదిగా తడిమేవాడు, అక్కడేదో చిక్కుకుని ఉందేమోనన్నట్టు. తర్వాత కుడిచేత్తో తలుపుని నిదానంగా తోసేవాడు. కారైనా అంతే, బీరువా అయినా అంతే. ఎవరు ఏ బండెక్కినా వెళ్లిరమ్మనడు. “వేళ్లు చూసుకో” అంటాడు. వీధిలో పెళ్లయి కారెక్కుతున్న కొత్త జంటకి కూడా అక్షింతలు వేసి ఆ మాటే అన్నాడు. పెళ్లికూతురు పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు, ఆ పిల్ల చీర కుచ్చిళ్లూ చేతులూ లోపలికి సర్దుకునేదాకా కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఆటోనగర్‌లో లారీ కొయ్యడానికి ఒక వరస ఉంటుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, గుమ్మడికాయ కొడతారు. చాలామంది ముందు ఇంజను దింపుతారు, గిరాకీ దానికే కాబట్టి. ఈయన యార్డులో మొదట పేరు చెరిపేవాళ్లు. మన లారీలకి పిల్లల పేర్లూ దేవుళ్ల పేర్లూ రాయించుకుంటారుగదా, రేకుతో ఆ రంగంతా ఆయనే గీకేవాడు. పేరున్న బండిని కొయ్యకూడదనేవాడు. పేరు పోయాక తలుపుల పని పట్టేవాడు. పనివాళ్లందర్నీ దూరంగా నిలబెట్టి పెద్ద సుత్తితో కీళ్ల మీద బాదేవాడు. తలుపు ఊడి కిందపడ్డాక కూడా వదిలేవాడు కాదు, అది అప్పడంలా అయ్యేదాకా బాదుతూనే ఉండేవాడు. ఆ తర్వాతే గ్యాస్ కట్టర్ ముట్టించనిచ్చేవాడు.

ఒకసారి నా కళ్లముందే ఒక ఘోరం జరిగింది. అద్దె ఇద్దామని యార్డుకి వెళ్లాను. పనివాడొకడు లారీ కేబిన్‌లో కూర్చున్న తోటివాణ్ని ఆటపట్టించడానికి కాలితో కేబిన్ తలుపు తన్నాడు. తలుపు ధడేల్‌మంది. ఎవరికీ ఏం కాలేదు. లోపలివాడు నవ్వుతున్నాడు కూడా. ఈయన చేతిలో ఉన్న స్పానర్ ఎత్తి తన్నినవాడి దవడ మీద కొట్టాడు. నెత్తురుతో పాటు పన్ను కూడా రాలింది. తర్వాత ఆయనే వాణ్ని స్కూటరెక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లి, కుట్లు వేయించి, బయటికి రాగానే మెట్ల మీద మళ్లీ ఒక్కటి పీకాడట.

కోపిష్ఠే గానీ మనసు మంచిది అని కొందరి గురించి అంటుంటారు. ఆయన గురించి నేనామాట అనను. దెబ్బ తిన్నవాడికి కొట్టినవాడి మనసుతో పనేముంది?

అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున గునపం లేకుండా పైకి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఇంటర్నెట్టులో ఓడలు దొరుకుతాయా అమ్మాయ్ అని అడిగాడు. తుక్కు బేరమేమో అనుకున్నాను. కాదు, ఒకే ఒక్క ఓడ కావాలి, పాసింజరు ఓడ, ఇప్పుడెక్కడుందో తెలియాలి అన్నాడు. ఎందుకని అడిగితే, “దాన్ని నా చేత్తో పగలగొట్టాలి” అన్నాడు.

అప్పుడు చెప్పాడు. వాళ్లది దివిసీమ. వయసులో ఉండగా పొలం దగ్గర తండ్రితో కలబడి, తమ్ముణ్ని వెంటేసుకుని ఇల్లొదిలేశాడు. అండమాన్‌లో కలప పని ఉందంటే విశాఖపట్నం రేవులో ఓడెక్కారు. అడుగు అంతస్తులో, ఒకదాని మీద ఒకటి అరల్లా ఉండే బంకు మంచాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. రెండో రోజు తుఫాను పట్టుకుంది. వాంతులు, ఉక్క. మంచినీళ్ల కొళాయి దగ్గర రెండు గుంపులకి మాట పెరిగింది. బెల్టులు తీశారు, ఎవడో కత్తి తీశాడు. నేల మీద వాంతీ నెత్తురూ కలిసి కాళ్లు జారిపోతుంటే ఒకళ్లనొకళ్లు తొక్కుకున్నారు. అన్నదమ్ములిద్దరూ పైకి పోయే మెట్ల దగ్గరికి పరిగెత్తారు. అక్కడో ఇనప తలుపు. ఎవడో ఆ తలుపేశాడు. తమ్ముడి చెయ్యి మోచేతి దాకా అందులో పడి నలిగిపోయింది. డాక్టరు కట్టు కట్టాడు గానీ నెత్తురాగలేదు. తుఫానుని తప్పించుకుంటూ ఓడ దారి మార్చుకుని తిరుగుతోంది, శవాన్ని ఉంచడం కుదరదన్నారు. గోనెలో కుట్టి, ఇనుము కట్టి సముద్రంలో వదిలేశారు.

ఇదంతా ఆయన నిలబడే చెప్పాడు, గోడని చూస్తూ. తలుపేసినవాడు ఎవరో తెలిసిందా అని అడిగాను. “ఎవడో” అన్నాడు. ఆ ఎవడో దొరకడు, ఓడైనా దొరకాలి అన్నాడు. వాణ్ని వదిలేసి తలుపు మీద పగేంటని నాకప్పుడు అనిపించకపోలేదు. అడగలేదు.

వెతకడం మొదలుపెట్టాక ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఆయనకి గుర్తున్న పేరుతో వెతికితే వేర్వేరు కాలాల ఓడలు మూడు తగిలాయి. ఓడ చేతులు మారినప్పుడల్లా పేరు మారుస్తారు, నంబరొకటి మాత్రం మారదు, లారీకి ఛాసిస్ నంబరులాగా అని చెబితే ఆయనకి వెంటనే ఎక్కింది. స్కాట్లాండులో ఓడల ఫొటోలు సేకరించే ముసలాయన ఒకాయన తగిలాడు నాకు. ఎప్పుడూ చూడని మనిషి, నేను ఒకటడిగితే నాలుగు చెప్పేవాడు. ఓడ పుట్టింది వాళ్ల దేశంలోనే. అక్కడి దీవుల మధ్య తిరిగి, పాతబడ్డాక మన దేశానికి వచ్చింది. అండమాన్ దారిలో కొన్నేళ్లు. తర్వాత ఎవరో పరాయి దేశంవాళ్లు కొని, పేరు మార్చి, యాత్రికుల్ని తిప్పారు.

యాత్రికుల సంగతి చెప్పినప్పుడు బాబాయిగారు బల్ల మీద పిడికిలితో గుద్దాడు. అవును, ఆయన్ని బాబాయిగారనీ ఆయన భార్యని పిన్నిగారనీ పిలిచేదాన్ని, ఆ తిట్లన్నీ తిట్టుకుంటూ కూడా. మా తమ్ముణ్ని తిన్నాక కూడా జనాన్ని ఎక్కించుకుని తిరిగిందా అని అరిచాడు. గల్ఫ్ రేవులో కూలీలకి బసగా పెట్టారని తెలిసిన రోజున కిందికి వెళ్లి, పెరట్లో ఉన్న ఇనప డ్రమ్ముని సొట్టలు పడేదాకా తన్నాడు. ఆ ఓడ ఎక్కడో సుఖంగా బతుకుతోందని ఆయన బాధ. బతికున్న శత్రువు గురించి విన్నట్టే వినేవాడు.

గల్ఫ్ తర్వాత జాడ తెగిపోయింది. తీరానికి దూరంగా తుప్పుపడుతూ ఉండేదని ఒకచోట ఉంది, అంతే. ఆ మాట చెప్పగానే నా ఫోను లాక్కుని గోడకేసి కొట్టాడు. అది ముక్కలై మంచం కిందికి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. చేతికందిన స్టీలు చెంబు విసిరాను. కనుబొమ మీద తగిలి చిట్లింది. నెత్తురు కంట్లోకి దిగుతుంటే వేలితో తుడిచి చూసుకుని, ఆయన నవ్వాడు. నేను చూసిన నవ్వు అదొక్కటే. “నీకూ ఉందే అమ్మాయ్ ఈ జబ్బు” అన్నాడు. మర్నాడు కొత్త ఫోను మా గుమ్మంలో పెట్టి వెళ్లాడు. నేను క్షమాపణ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు.

చాలాకాలానికి స్కాట్లాండు ముసలాయన దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. గుజరాత్ తీరంలో, ఓడల్ని విరగ్గొట్టేచోట, బురదలోకి ఎక్కి కూర్చుని ఉంది ఓడ. ముక్కు దగ్గర పేరున్న చోట నల్లరంగు పులిమి ఉంది. చివరి ప్రయాణానికి ముందు అలా చేస్తారట. ఫొటో చూపించాను. పేరు తీసేశారు అన్నాడు నెమ్మదిగా. గుద్దడానికి చెయ్యి లేవలేదు. అది పాత ఫొటో అనీ, ఈపాటికి రేకు ముక్క కూడా మిగిలుండదనీ, ఆ ఇనుము కరిగించి ఇళ్లకి వాడే చువ్వలు చేస్తారనీ చెప్పాను.

చెప్పకుండా ఉండాల్సింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన స్కూటరేసుకుని గన్నవరం రోడ్డు పొడవునా కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గర ఆగి, పునాదుల్లోంచి లేచిన చువ్వల్ని బూతులు తిట్టడం, తన్నడం మొదలుపెట్టాడు. ఒకచోట వాచ్‌మన్ కర్ర తీసుకుని వచ్చాడు. ఆ కర్రని వాచ్‌మన్ వీపు మీదే విరగ్గొట్టి, వాళ్ల తాపీమేస్త్రీలు నలుగురూ కలిసి కొడితే చొక్కా చిరిగిపోయి, పెదవి పగిలి ఇల్లు చేరాడు. పిన్నిగారు పసుపు అద్దుతూ, చువ్వలతో తగువేంటండీ ఈ వయసులో అని మాత్రం అన్నారు.

విరగ్గొట్టిన ఓడల్లోంచి వచ్చిన మంచాలూ, కుర్చీలూ, తలుపులూ అక్కడి రోడ్డు పక్కన వరసగా అమ్ముతారని ఆయనకి యార్డులో ఎవరో చెప్పారు. తెలిసిన లారీ అటు సరుకు తీసుకెళ్తుంటే డ్రైవరు పక్కన కూర్చుని వెళ్లిపోయాడు. ఆయన అటు వెళ్లినప్పుడే నాకు స్కాట్లాండు నుంచి ఇంకొన్ని ఫొటోలు వచ్చాయి. ఓడ అండమాన్ దారిలో తిరిగిన రోజుల నాటివి. అడుగు అంతస్తు, బంకులు, మెట్లు, మెట్ల మొదట్లో ఇనప తలుపు. మనిషి మొహం ఎత్తున ఆ తలుపుకి గుండ్రటి అద్దం ఉంది.

ఆయన తెచ్చిన తలుపుని యార్డులో క్రేనుతో దింపుతుంటే చూశాను. మందపాటి ఇనప తలుపు, చట్రంతో సహా. నిండు రేకు. దానికి అద్దం లేదు, అద్దం ఉన్న గుర్తు కూడా లేదు.

ఎవరి మొహం మీదైనా ఉన్నమాట అనేసే నేను ఆ రోజు నోరు మూసుకున్నాను. అంత దూరం పోయి, ఆ బరువు వేసుకొచ్చి, పెళ్లికొడుకులా నిలబడ్డాడు ఆయన. ఇది కాదండీ అని ఎలా చెప్పను? కొడితే కొట్టుకోనీ, ఆ మంట చల్లారితే అదే చాలుననుకున్నాను. ఫొటోలు చూపించలేదు.

రెండు లారీ ఛాసిస్‌లు నిలబెట్టి, వాటి మధ్య చట్రాన్ని వెల్డింగ్ చేయించి, తలుపు లేచి నిలబడేలా అమర్చాడు. పనివాళ్లని పంపేసి, యార్డు గేటు వేసేశాడు, గుమ్మం తడిమే. పిన్నిగారినీ నన్నూ ఉండమన్నాడు. పొద్దున్నే అయినా ఇనుమంతా అప్పటికే కాలుతోంది. పెద్ద సుత్తి ఎత్తాడు.

లారీ తలుపులు బాదినట్టు కాదు ఇది. సుత్తి వెళ్లినంత జోరుగానూ వెనక్కి వస్తోంది. యార్డంతా గంట కొట్టినట్టు మోగుతోంది. తలుపుకి సొట్ట కూడా పడలేదు. ఆయన అరుస్తూ బాదాడు, తిడుతూ బాదాడు. అరచేతులు చిట్లి సుత్తి పిడి ఎర్రగా అయింది. ఒకసారి సుత్తి తిరిగొచ్చి మోకాలికి తగిలితే కూలబడి, మళ్లీ లేచి బాదాడు. నేను ఆపబోతే పిన్నిగారు నా చెయ్యి పట్టుకున్నారు. చివరికి సుత్తి జారిపోయింది. తలుపు అలాగే ఉంది.

ఆయన దాని ముందు నిలబడి ఊపిరి తీసుకున్నాడు. తర్వాత మావైపు తిరక్కుండానే, “ఎవడో కాదు. నేనే వేశా” అన్నాడు.

వెనకనుంచి గుంపు కత్తితో వస్తోందని, తమ్ముడు ముందే మెట్లెక్కేశాడనుకుని, తను దాటగానే తలుపు లాగేశాడట. తమ్ముడు వెనకాల ఉన్నాడు. చెయ్యి అడ్డుపెట్టాడు. ఓడ అటు ఒరిగింది. కత్తివాడని అనుకుని భుజం ఆనించి నెట్టాడట, బలమంతా పెట్టి. తర్వాత తలుపేసిందెవరని ఓడవాళ్లు అడిగితే ఎవడో అన్నాడు. ఇంటికొచ్చి తల్లికీ తండ్రికీ అదే చెప్పాడు. ఇన్నేళ్లూ అదే చెబుతూ వచ్చాడు.

చెప్పడం అయిపోయాక, ఎడమ చెయ్యి మోచేతి దాకా చట్రంలో పెట్టాడు. “రా అమ్మాయ్, తలుపెయ్యి” అన్నాడు. నాకు అర్థం కాలేదు. మా ఆవిడ వెయ్యదు, పనివాళ్లు వెయ్యరు, వాళ్లకి నేనంటే భయం అన్నాడు. “నీకు కోపం ఎక్కువ. నువ్వైతే వేస్తావు” అన్నాడు.

నేను వెళ్లి తలుపు మీద చెయ్యి వేశాను. ఆ ఇనుము వేడి ఇప్పటికీ అరచేతికి గుర్తుంది. వెయ్యాలని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు. పన్ను రాలినవాడు, వీపు వాచిన వాచ్‌మన్, నా పక్కనుంచి దూసుకెళ్లిన గునపం, నా ఫోను, అన్నీ గుర్తొచ్చాయి. ఇన్నేళ్లు తను చేసిన పనికి కనిపించినవాణ్నల్లా కొట్టాడు ఈ మనిషి. ఆయన కళ్లు మూసుకుని, వెయ్యమ్మా, వెయ్యి అని బతిమాలుతున్నాడు. తలుపు కదిలింది. నేనే కదిపానేమో కూడా తెలియదు.

పిన్నిగారు తొందరపడకుండా నడిచి వచ్చారు. తన చెయ్యి చాచి, ఆయన చేతి పక్కనే, చట్రంలో పెట్టారు. గాజులు ఇనుముకి తగిలి గలగలలాడాయి. “ఇప్పుడు వెయ్యమ్మా” అన్నారు నాతో.

ఆయన కళ్లు తెరిచాడు. తియ్యవే అన్నాడు. ఆవిడ తియ్యలేదు. కొట్టడానికి కుడిచెయ్యి ఎత్తాడు, ఆవిడ మొహం కూడా తిప్పుకోలేదు. పెళ్లైన ఏడాదికే తెలుసు నాకు, వేసినవాడికి తప్ప తలుపంటే అంత భయం ఎవడికుంటుందండీ అన్నారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ చేత్తోనే ఆవిడ మణికట్టు పట్టుకుని బయటికి లాగాడు. ఆ లాగుడుకి ఇనప అంచు గీరుకుని ఆవిడ చెయ్యి తోలు లేచింది, గాజులు పగిలాయి. నెత్తురు చూడగానే ఆయన బనీను చించి కట్టు కడుతూ, నేల మీద కూలబడి, పెద్దగా, అసహ్యంగా ఏడ్చాడు. నేను తలుపు మీంచి చెయ్యి తీసి, దూరంగా వెళ్లి నిలబడ్డాను.

ఆ తలుపుని సాయంత్రానికి కోయించేశారు. గుమ్మడికాయ పిన్నిగారే కొట్టారు, కట్టున్న చేత్తో.

ఆ తర్వాత ఆయన మారిపోయాడని రాస్తే అబద్ధమవుతుంది. పనివాళ్లని కొట్టడం మానలేదు, తగ్గించాడేమో. వన్ టౌన్‌లో తోపుడుబండివాడితో తగువుపడి రెండు చొక్కాలు చింపించుకొచ్చాడు. కానీ ఆ వారంలోనే ఒక పొద్దున మా తలుపు భుజాన వేసుకుని పైకి వచ్చాడు. అన్నాళ్లూ దాన్ని పాత గోనెల్లో చుట్టి దాచాడు. కొత్త కీళ్లు బిగించి, పాత లారీ ట్యూబు కోసి గుమ్మం పొడవునా అంటించి, గట్టిగా లాగి వేశాడు. చప్పుడు రాలేదు. మళ్లీ వేశాడు. పదిసార్లు వేసి చూసుకుని, వెళ్తూ వెళ్తూ, వేళ్లు చూసుకో అన్నాడు.

ఆయన పోయింది యార్డులోనే, లారీ పేరు గీకుతూ. రేకు చేతిలో ఉండగానే ఒరిగిపోయాడు. ఊళ్లో ఉండే ఆయన అన్నగారి కొడుకు వచ్చి కర్మ చేసి అస్థికలు కృష్ణలో కలిపాడు. పిన్నిగారు మాత్రం చిన్న ముంతలో కొంచెం దాచారు. మా మరిది సముద్రంలో ఉన్నాడు, ఈయన్ని ఇక్కడ వదిలేస్తే బ్యారేజీ గేట్లు ఎప్పుడెత్తుతారో, ఈయన ఎప్పటికి చేరతారోనమ్మా అన్నారు. కారు మాట్లాడుకుని ఇద్దరం హంసలదీవి వెళ్లాం. వాళ్ల సీమే అది, నది సముద్రంలో కలిసేచోటు. మోకాళ్ల లోతు నీళ్లలో ఆవిడ ముంత వంచారు.

ఒడ్డుకి వచ్చాక నేనిక ఆగలేకపోయాను. తను తెచ్చుకున్న తలుపు ఆ ఓడది కాదని ఆయనకి చెప్పకుండా దాచానని, అసలు తలుపుకి గుండ్రటి అద్దం ఉంటుందని, ఫొటో నా దగ్గరుందని చెప్పేశాను. ఆవిడ తడి చీర పిండుకుంటూ విన్నారు.

“ఆయనకి తెలుసమ్మా” అన్నారు. అద్దంలోంచి తమ్ముడి మొహం కనపడిందిట ఆయనకి. భుజం ఆనించి నెడుతుండగా కనపడిందిట. కత్తివాడు కాదని తెలిసి కూడా వెంటనే ఆగలేకపోయాడట, ఓడ అటే ఒరిగి ఉంది. అద్దం ఉన్న తలుపు అక్కడ, గుజరాత్‌లో, రోడ్డు పక్కన దొరికింది. నంబరు కూడా చూశాడు, అదే ఓడది. దాని ముందు చాలాసేపు కూర్చుని, చెయ్యి వెయ్యలేక, పక్కనున్న తలుపుని ఎక్కించమన్నాడట.

“అద్దంలోకి చూసి కొట్టలేనే అన్నారు” అని చెప్పి, ఆవిడ ఇసకలో నా పక్కన కూర్చున్నారు.

ఓడ ఏమైందని ఎవరైనా అడిగితే నేనిప్పుడు చెప్పగలను. ఇనుమంతా చువ్వలైపోయింది. అద్దం ఉన్న తలుపొకటి మాత్రం మిగిలింది. ఇంకా ఆ రోడ్డు పక్కనే నిలబడి ఉందో, ఎవరైనా కొని ఇంటికి బిగించుకున్నారో తెలియదు. ఎవరు కొన్నా, వాళ్లకి ఒక మాట చెప్పేవాళ్లుండాలి, వేళ్లు చూసుకోమని.